విధించిన శిక్షను తగ్గించు అధికారము ఎవరిది?

క్రిమినల్ కేసులో తీర్పు వెలువడిన మరునాడు ముద్దాయి బంధువులు వకీలు ఇంటికి వచ్చి అడుగు మొదటి ప్రశ్న చాలవరకు ఒకటే: "అయ్యా, ఆ జడ్జిగారికే ఇంకొక అర్జీ పెట్టుకొంటే శిక్ష కొంత తగ్గించరా?" ఈ ప్రశ్నలో అమాయకత్వ మున్నది గాని అసంబద్ధత లేదు. శిక్ష వేసినవాడే దానిని తగ్గింపగలడని లోకజ్ఞానము చెప్పుచున్నది. తరగతిలో జరిమానా వేసిన ఉపాధ్యాయుడు మరునాడు విద్యార్థి ముఖము చూచి దానిని మాఫీ చేయుట మన మెరిగినదే. న్యాయస్థానముల విషయమున మాత్రము ఈ లోకజ్ఞానము పనికిరాదు. ఇది తెలియక ఎన్నో బీద కుటుంబములు అప్పీలు గడువును పోగొట్టుకొనుచున్నవి. కోర్టు ఆవరణలో తిరుగు దళారుల చేతులలో డబ్బు పోసి, చెల్లని అర్జీ వ్రాయించుకొనుచున్నవి. కావున ఈ అధికారము ఎవరి చేతిలో, ఎప్పుడు, ఎంతవరకు ఉండునో కొంత వివరముగా తెలిసికొనుట న్యాయశాస్త్ర విద్యార్థికే గాక సామాన్య పాఠకునకు కూడ అవసరము.

మొదట మూలసూత్రము. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 362వ సెక్షను ప్రకారము, కేసును పరిష్కరించు తీర్పుపై సంతకము చేసిన పిమ్మట ఏ న్యాయస్థానమును దానిని మార్చరాదు, పునఃపరిశీలింపరాదు. వ్రాతలోగాని లెక్కలోగాని దొర్లిన పొరపాటును మాత్రము దిద్దవచ్చును. 2024 జూలై 1వ తేదీనుండి ఆ కోడ్ స్థానమున భారతీయ నాగరిక్ సురక్షా సంహిత అమలులోనికి వచ్చినది. అందు ఇదే నియమము 403వ సెక్షనుగా నిలిచియున్నది. సంతకముతో ఆ కేసు విషయమున జడ్జిగారి అధికారము ముగిసిపోవును. దీనినే న్యాయవాదులు లాటిను మాటలలో "ఫంక్టస్ అఫీషియో" అందురు. పని తీరినవాడని దాని భావము. మన కోర్టుభాషలో ఫైసలా అను మాటకు తెగిపోయిన వ్యవహారమనియే కదా అర్థము.

సివిల్ వ్యాజ్యములందు ఇంత కాఠిన్యము లేదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 47వ ఆర్డరు క్రింద, స్పష్టమైన దోషము కనిపించినప్పుడు, తీర్పిచ్చిన కోర్టునే పునఃపరిశీలన కోరవచ్చును. పొలముగట్టు తగాదాలో ఉన్న సౌకర్యము మనిషి స్వేచ్ఛకు సంబంధించిన కేసులో లేకపోవుట మొదటిసారి వినువారికి వింతగా తోచును. కారణము లేకపోలేదు. శిక్షపడినవాని తరఫున ఒత్తిడి, ప్రలోభము, కన్నీరు, కులపెద్దల రాయబారము ఇవన్నియు తీర్పు తరువాత కూడ జడ్జిగారి గుమ్మము చుట్టు తిరుగుచుండినచో ఏ తీర్పునకును స్థిరత్వముండదు. అదే తలుపు తెరచియున్నచో ఫిర్యాది కూడ మరునాడు వచ్చి శిక్ష పెంచుమని కోరగలడు. ఆ విధముగా చూచినచో ఈ నియమము ముద్దాయికిని రక్షణయే.

హైకోర్టులకును ఇదే కట్టుబాటు. హరిసింగ్ మాన్ కేసులో 2000 సంవత్సరమున సుప్రీంకోర్టు, ముగిసిన క్రిమినల్ వ్యవహారములలో చిల్లర దరఖాస్తుల ద్వారా తీర్పులను మార్పించుకొను పద్ధతిని గర్హించినది. హైకోర్టునకు గల స్వతస్సిద్ధాధికారముకూడ (పాత కోడ్‌లో 482, నేటి సంహితలో 528) ఈ నిషేధమును దాటిపోవుటకు సాధనము కాదు. సుప్రీంకోర్టు మాత్రము రాజ్యాంగము 137వ అధికరణము క్రింద తన తీర్పును తానే పునఃపరిశీలింపగలదు. మరణశిక్ష కేసులలో ఆ పునఃపరిశీలనను ముగ్గురు న్యాయమూర్తులకు తగ్గని ధర్మాసనము బహిరంగముగా వినవలెనని 2014లో మొహమ్మద్ ఆరిఫ్ కేసులో నిర్ణయమైనది.

అట్లయిన శిక్ష తగ్గింపుమని విచారణ కోర్టును కోరుటకు అసలు సమయమే లేదా? ఉన్నది, అయితే అది తీర్పునకు తరువాత కాదు, నేరము రుజువైనదని చెప్పుటకును శిక్ష ప్రకటించుటకును నడుమ ఉన్నది. సెషన్సు విచారణలో శిక్షనుగూర్చి ముద్దాయిని ప్రత్యేకముగా వినవలెనని 1973 కోడ్ 235వ సెక్షను రెండవ ఉపసెక్షను తొలిసారిగా విధించినది. (నేడు 258.) ఇది లాంఛనము కాదు. సంతాసింగ్ కేసులో 1976లో ఇట్టి వినికిడి జరుగలేదన్న కారణముననే సుప్రీంకోర్టు మరణశిక్షను రద్దుచేసి, శిక్షాంశమును మరల విచారింపుమని సెషన్సు కోర్టునకు పంపినది. ముద్దాయి వయస్సు, సంసారభారము, పూర్వచరిత్ర, మానసికస్థితి, జైలులో నడవడి మొదలగునవి కాగితములతో సహా ముందుంచవలసిన ఘట్టమిదే. కాని వాస్తవములో ఏమి జరుగుచున్నది? "ముద్దాయి బీదవాడు, భార్యాబిడ్డలు గలవాడు, దయచూపుడు" అన్న ఒక్క వాక్యముతో ఈ ఘట్టము పది నిమిషములలో ముగిసిపోవుట సాధారణము. తరువాత సంవత్సరముల తరబడి చేయు ప్రయత్నములలో సగము ఆ పది నిమిషములలో చేయవలసిన పనియే.

ఇచ్చట తెలుగుదేశమునకు సంబంధించిన ఒక తీర్పును స్మరింపవలెను. ఎడిగ అన్నమ్మ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ రాష్ట్రము అను కేసులో సుప్రీంకోర్టు 1974 ఫిబ్రవరిలో తీర్పు చెప్పినది. నేరము ఘోరమైనది, ఒక స్త్రీయు ఒక పసిబిడ్డయు హతులైరి. దోషిత్వమును న్యాయస్థానము కదల్పలేదు. అయినను జస్టిస్ కృష్ణయ్యర్ ఆమె యౌవనమును, అత్తింటినుండి వెడలగొట్టబడిన స్థితిని, ఆమెపై ఆధారపడిన చిన్న కుమారుని, రెండేండ్లకు పైగా ఉరి నీడలో గడపిన వేదనను లెక్కించి మరణశిక్షను యావజ్జీవ కారాగారముగా మార్చిరి. అప్పటికి కొత్త కోడ్ అమలులోనికి రాలేదు. శిక్షనుగూర్చి వినవలెనన్న నియమము లేకపోయినను, నేరమును మాత్రమే గాక నేరస్థుని కూడ చూడవలెనన్న దృష్టి ఆ తీర్పుతో మన న్యాయస్థానములలో గట్టిపడినది.

శిక్ష ప్రకటించిన తరువాత తగ్గించు అధికారము పై కోర్టునకు పోవును. మేజిస్ట్రేటు విధించిన శిక్షపై సెషన్సు కోర్టునకు, సెషన్సు జడ్జి విధించిన శిక్షపై హైకోర్టునకు అప్పీలు. అప్పీలు కోర్టు నేరనిర్ణయమును అట్లే ఉంచి శిక్షను మాత్రము తగ్గింపవచ్చును. నేరస్వభావమును మార్చి, అనగా హత్యను హత్య కాని నరహత్యగా నిర్ణయించి, తదనుగుణముగా తగ్గింపవచ్చును. నేరము ఒప్పుకొన్నవాడు సైతము శిక్ష ఎక్కువయైనదని గాని చట్టవిరుద్ధమని గాని అప్పీలు చేయవచ్చునని చాలమందికి తెలియదు. హైకోర్టునకు అప్పీలు చేయుటకు 60 రోజులు, ఇతర కోర్టులకు 30 రోజులు గడువు. మరణశిక్ష అయినచో హైకోర్టునకు కూడ 30 రోజులే. తగిన కారణము చూపినచో ఆలస్యమును మన్నింతురు. జైలులో ఉన్నవాడు తన అప్పీలును జైలు అధికారి చేతికిచ్చిన చాలును, దానిని కోర్టునకు పంపు బాధ్యత వారిది. వకీలును పెట్టుకొనలేనివానికి 1987 నాటి న్యాయసేవల ప్రాధికార చట్టము 12వ సెక్షను క్రింద ఉచిత సహాయము హక్కుగా లభించును. నిర్బంధములో ఉన్నవాడు దీనికి ఆదాయ పరిమితితో నిమిత్తము లేకుండ అర్హుడు.

అప్పీలు చేసినచో శిక్ష పెరుగునేమోనని భయపడువారు కలరు. ముద్దాయి స్వయముగా చేసిన అప్పీలులో శిక్షను పెంచుటకు ఆ కోర్టునకు అధికారము లేదు. పెంచవలెనన్నచో ప్రభుత్వము వేరుగా అప్పీలు చేయవలెను, లేదా హైకోర్టు రివిజను అధికారముతో నోటీసు ఇచ్చి వినవలెను. విశేషమేమనగా, ప్రభుత్వము శిక్ష పెంచుమని అప్పీలు చేసినప్పుడు, తాను ఏ అప్పీలును చేయని ముద్దాయికూడ ఆ విచారణలోనే తన నిర్దోషిత్వమునో శిక్ష తగ్గింపునో వాదింపవచ్చును.

పై కోర్టు దయకును ఒక హద్దున్నది. చట్టము కనీస శిక్షను నిర్దేశించినచోట దానికంటె తగ్గించు అధికారము ఏ కోర్టునకును లేదు. సంపూర్ణ న్యాయము చేయుటకు 142వ అధికరణము ఇచ్చిన విశేషాధికారముతో కూడ ఆ కనీసమును దిగజార్చరాదని 2019లో విక్రమ్ దాస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పినది.

శిక్షను నిలిపివేయుట వేరు, తగ్గించుట వేరు. అప్పీలు విచారణలో ఉండగా శిక్ష అమలును ఆపి జామీనుపై విడుదల చేసినప్పుడు "సజా తీసేసినారు" అని ఇంటిలో మిఠాయి పంచువారున్నారు. అది తాత్కాలికము. అప్పీలు ఓడినచో మిగిలిన కాలమును అనుభవింపక తప్పదు, బయట గడపిన దినములు లెక్కకు రావు. అయితే విచారణకు ముందు జైలులో గడపిన కాలము లెక్కకు వచ్చును. 428వ సెక్షను (నేడు 468) ప్రకారము దానిని శిక్షనుండి మినహాయింపవలెను. ఇది యావజ్జీవ ఖైదీలకును వర్తించునని 1985లో భగీరథ్ కేసులో తేల్చిరి. ఇది శిక్షను మార్చుట కాదు, లెక్కకట్టుట మాత్రమే.

ఇక ఈ విషయమందెల్ల మిక్కిలి బాధాకరమైన చిక్కు శిక్షలు ఏకకాలమున నడచునా, ఒకదాని వెనుక ఒకటి నడచునా అన్నది. ఇదివరకే ఒక శిక్ష అనుభవించుచున్నవానికి మరియొక కేసులో శిక్షపడినచో, కోర్టు ప్రత్యేకముగా చెప్పనంతవరకు రెండవది మొదటిది ముగిసిన తరువాతనే ఆరంభమగును. పాత 427, నేటి 467 సెక్షనులు చెప్పు నియమమిది. జడ్జి మౌనము ముద్దాయికి ప్రతికూలముగా పనిచేయును. ఉత్తరప్రదేశ్‌కు చెందిన ఇక్రామ్ కేసును చూడుడు. విద్యుత్ సామగ్రి దొంగతనమునకు సంబంధించిన 9 కేసులలో ఒక్కొక్కదానికి 2 సంవత్సరముల చొప్పున శిక్షపడినది. తీర్పులలో ఏకకాలమన్న మాట లేదు. జైలు అధికారులు లెక్కవేసినచో అది 18 సంవత్సరములైనది! హైకోర్టు జోక్యము చేసికొనుటకు నిరాకరింపగా, 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు అన్నియు ఏకకాలముననే నడచునని ఆజ్ఞాపించి, ఇట్టి సందర్భమున హైకోర్టు కలుగజేసికొనవలసియుండెనని వ్యాఖ్యానించినది.

కాని అందరికిని ఇట్టి అదృష్టము పట్టదు. 2007లో ఎం.ఆర్. కుద్వా వర్సెస్ ఆంధ్రప్రదేశ్ రాష్ట్రము కేసులో రెండు నేరనిర్ణయములపై అప్పీళ్ళు ముగిసిపోయిన తరువాత, శిక్షలను ఏకకాలముగా నడపుమని స్వతస్సిద్ధాధికారము క్రింద హైకోర్టును కోరగా, హైకోర్టు కాదనినది, సుప్రీంకోర్టును దానినే సమర్థించినది. విచారణలోగాని అప్పీలులోగాని అడుగవలసినదానిని అప్పుడు అడుగక, తలుపులు మూసిన తరువాత అడుగరాదని ఆ తీర్పు సారాంశము. ఈ రెండు తీర్పులకు పొత్తు కుదుర్చుట సులభము కాదు. ఒకటి అధికార పరిధిని చూచినది, రెండవది అన్యాయపు పరిమాణమును చూచినది. యువ న్యాయవాదులు గ్రహింపవలసినదేమనగా, "ఏకకాలమున" అన్న ఒక్క మాటను తీర్పునాడే అడిగి వ్రాయించుకొనుట, తరువాత ఢిల్లీదాక పోవుటకంటె మేలు.

న్యాయస్థానముల మార్గములు ముగిసినచోట ప్రభుత్వాధికారము ఆరంభమగును. దీనినిగూర్చి చెప్పుటకు ముందు ఒక భ్రమను తొలగింపవలెను. యావజ్జీవ కారాగారమనగా 14 సంవత్సరములని, 20 సంవత్సరములని ఊరూర అనుకొందురు. గోపాల్ వినాయక్ గాడ్సే కేసులో 1961లోనే సుప్రీంకోర్టు యావజ్జీవమనగా మిగిలిన జీవితమంతయు అని నిర్ణయించినది. 20 సంవత్సరములన్నది శిక్షాభాగములను లెక్కకట్టుటకు ఏర్పరచిన కొలమానము మాత్రమే. 14 సంవత్సరములన్నది 1978లో చేర్చిన 433-ఏ సెక్షను (నేడు 475) నుండి వచ్చినది. మరణశిక్షకు తగిన నేరములలో యావజ్జీవ శిక్షపడినవానిని 14 సంవత్సరములు నిండక ముందు విడువరాదని అది చెప్పుచున్నది. నిండిన వెంటనే విడువవలెనని చెప్పుటలేదు. కనీసమును గరిష్ఠముగా భ్రమించి రోజులు లెక్కించు కుటుంబముల ఆశాభంగము వర్ణనాతీతము.

రాష్ట్రపతికి 72వ అధికరణము, గవర్నరునకు 161వ అధికరణము క్షమాధికారము నొసగినవి. ప్రభుత్వమునకు చట్టము క్రింద రెమిషను, శిక్షామార్పిడి అధికారములు కలవు. ఇవి తీర్పును మార్చవు. రికార్డులో తీర్పు అట్లే నిలిచియుండును, దాని ఫలితము మాత్రము తగ్గును. కేహార్ సింగ్ కేసులో 1988లో రాజ్యాంగ ధర్మాసనము ఈ భేదమును చక్కగా విడదీసి చూపినది. 1980లో మారూరామ్ కేసులో 433-ఏ చెల్లునని చెప్పుచునే, అది రాజ్యాంగమిచ్చిన క్షమాధికారమును తాకదనియు, గవర్నరు మంత్రిమండలి సలహాపైననే నడచుకొనవలెననియు నిర్ణయించిరి.

న్యాయస్థానము, ప్రభుత్వము ఒకేసారి ఒకే శిక్షపై చేయివేసినచో ఏమగును? నానావతి కేసులో ఇది నిజముగనే జరిగినది. 1960 మార్చి 11న బొంబాయి హైకోర్టు ఆ నౌకాదళ అధికారికి యావజ్జీవ శిక్ష విధింపగా, సుప్రీంకోర్టులో అప్పీలు తీరువరకు శిక్షను నిలిపివేయుచు గవర్నరు ఆనాడే ఉత్తరువిచ్చిరి. సుప్రీంకోర్టు నియమముల ప్రకారము శిక్షపడినవాడు లొంగిపోయిన తరువాతనే అప్పీలు వినబడును. వ్యవహారము సుప్రీంకోర్టు చేతిలో ఉండగా గవర్నరు శిక్షను నిలుపజాలడని రాజ్యాంగ ధర్మాసనము 1960 సెప్టెంబరులో ఒక న్యాయమూర్తి భిన్నాభిప్రాయముతో తీర్పుచెప్పినది. అప్పీలు ముగిసిన తరువాత, 1964లో, గవర్నరు ఆయనకు క్షమాభిక్ష ప్రసాదించుటకు మాత్రము ఏ ఆటంకమును లేకపోయినది. అధికారము ఉండుట ఒకటి, దానికి వేళ వచ్చుట మరొకటి.

ప్రభుత్వమన్నప్పుడు ఏ ప్రభుత్వము? శిక్ష విధింపబడిన రాష్ట్రపు ప్రభుత్వము, నేరము జరిగిన రాష్ట్రపుది కాదు. ఈ చిన్న భేదము బిల్కిస్ బానో కేసులో దేశమంతయు గమనించినది. నేరము 2002లో గుజరాత్‌లో జరిగినది. విచారణ మహారాష్ట్రకు బదిలీయై, 2008లో ముంబయిలో శిక్షలు పడినవి. 2022 ఆగస్టు 15న గుజరాత్ ప్రభుత్వము 11 మందిని విడుదల చేసినది. 2024 జనవరి 8న సుప్రీంకోర్టు, గుజరాత్‌కు ఆ అధికారమే లేదని, ముఖ్యవిషయములను మరుగుపరచి పొందిన పూర్వపు ఉత్తరువు ఆధారము కాజాలదని చెప్పి, వారిని రెండు వారములలో జైలుకు తిరిగి పొమ్మనినది. విడుదల మంచిదా చెడ్డదా అన్న చర్చకు ముందు, విడుదల చేసినవారికి పరిధి ఉన్నదా అన్న ప్రశ్నపైననే అంతయు తేలిపోయినది.

రెమిషను ఇచ్చుటకు ముందు శిక్ష విధించిన కోర్టు జడ్జి అభిప్రాయమును ప్రభుత్వము కోరును. ఆ అభిప్రాయము మొక్కుబడిగా ఉండరాదని, తగిన కారణములు చూపవలెనని 2022లో రామ్ చందర్ కేసులో చెప్పిరి. ఇట్లు శిక్ష విధించిన కోర్టు తిరిగి దృశ్యములోనికి వచ్చును గాని, నిర్ణేతగా కాదు, సలహాదారుగా మాత్రమే.

క్షమాధికారమునకు కారణము చూపనక్కరలేదా? ఆంధ్రప్రదేశ్ గవర్నరు ఒక ఖైదీకి ఇచ్చిన రెమిషనును 2006లో ఏపూరు సుధాకర్ కేసులో సుప్రీంకోర్టు రద్దుచేసినది. అధికారుల నివేదికలో ఆ ఖైదీ ఒక రాజకీయపక్షపు మంచి కార్యకర్త అన్న మాట యోగ్యతగా కనిపించుట న్యాయమూర్తులను కలవరపరచినది. కులము, మతము, రాజకీయ విధేయత ఆధారముగా క్షమ లభింపరాదని ఆ తీర్పు చెప్పినది. మరొకవంక, భూమయ్య, కిష్టాగౌడ్‌ల విషయమున న్యాయస్థానము తన చేతులు కట్టబడియున్నవని, దయ చూపుట కార్యనిర్వాహకుల పని అని చెప్పినది. ఎమర్జెన్సీ కాలమున, 1975 డిసెంబరు 1న, ఆ ఇరువురు తెలంగాణ రైతులను హైదరాబాదులో ఉరితీసిరి. కోర్టు తనది కాదన్న అధికారమును ఎవ్వరును వినియోగింపకపోయిన ఫలితమది.

న్యాయస్థానములు ఈ మధ్యకాలమున ప్రభుత్వపు రెమిషను అధికారమునకు ముందుగనే ఒక గట్టు కట్టుటకూడ నేర్చినవి. 2008లో స్వామి శ్రద్ధానంద కేసుతో మొదలై, ఉరికి బదులుగా ఇరువది, ముప్పది సంవత్సరములు రెమిషను లేకుండ అని నిర్దేశించుట ఆచారమైనది. 2015లో శ్రీహరన్ కేసులో రాజ్యాంగ ధర్మాసనము 3-2 ఆధిక్యముతో దీనిని ఆమోదించినది. అయితే ఈ అధికారము హైకోర్టునకు, సుప్రీంకోర్టునకు మాత్రమే ఉన్నదనినది. సెషన్సు జడ్జి అట్లు వ్రాసినచో అది అతని పరిధిని మించినదగును, అప్పీలులో ప్రశ్నింపదగినదగును.

రెమిషను దరఖాస్తుపై ఒక సాంకేతిక నియమముకూడ తెలియవలెను. జరిమానా మాత్రమే అయిన శిక్షలు తప్ప, పదునెనిమిదేండ్లు దాటినవాడు జైలులో ఉండనిదే అతని అర్జీ స్వీకరింపబడదు. దానిని జైలు అధికారి ద్వారా పంపవలెను, ఇతరులు పంపినచో అతడు జైలులో ఉన్నాడన్న ప్రకటన అందుండవలెను. అర్జీ వ్రాయించుకొనలేని ఖైదీలకు 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఊరట కలిగించినది. రెమిషను విధానము ప్రకటించిన రాష్ట్రములలో అర్హులైన ఖైదీల విషయమును, వారు అడుగకున్నను, ప్రభుత్వమే పరిశీలింపవలెనని ఆజ్ఞాపించినది.

కొత్త సంహిత 472వ సెక్షనులో మరణశిక్ష క్షమాభిక్ష అర్జీలకు కాలపరిమితి విధించిరి. తుదితీర్పు సమాచారమును జైలు అధికారి తెలిపిన నాటినుండి 30 రోజులలో అర్జీ పెట్టవలెను. గవర్నరు కాదన్నచో 60 రోజులలో రాష్ట్రపతికి. రాష్ట్రపతి నిర్ణయముపై అప్పీలు లేదనియు, ఆ నిర్ణయమెట్లు చేసిరో ఏ కోర్టును విచారింపరాదనియు అందే వ్రాసిరి. 2014లో శత్రుఘ్న చౌహాన్ కేసులో, క్షమాభిక్ష అర్జీలను ఏండ్ల తరబడి తేల్చకుండుట మొదలగు కారణములపై 15 మంది మరణశిక్షలను సుప్రీంకోర్టే యావజ్జీవముగా మార్చియున్నది. ఆ అధికారము రాజ్యాంగమునుండి వచ్చినది. మామూలు శాసనములోని ఒక ఉపసెక్షను దానిని మూయగలదా అన్నది న్యాయశాస్త్ర విద్యార్థులు చర్చింపదగిన ప్రశ్న.